ప్రార్థనలో తెరిచిన కళ్ళు

బెల్ క్రీక్,
జూన్ 9

చర్చి వెనక బెంచీ సేనాపతి, మహాఘనత వహించిన మా బావ లైల్ గారికి, గడ్డి కోసే మిషన్లు బాగుచేసుకు బతికే బావమరిది హోబర్ట్ రాయునది.

ఈస్టర్ అయ్యాక మనం ఫోన్లో అరుచుకున్న అరుపులకి మా అక్క వెర్నా విసిగిపోయి, "ఇకమీదట మీ ఇద్దరూ ఫోను ముట్టుకోవద్దు. ఏమన్నా ఉంటే ఉత్తరాలు రాసుకోండి. స్టాంపు అంటించేలోపు సగం కోపం ఆరిపోతుంది" అని తీర్పు చెప్పింది కదా. అందుకే నేను స్టాంపు ముందే అంటించి కూర్చున్నాను.

ముందుగా ఈస్టర్ సంగతి. మా అమ్మ నిన్ను కౌగిలించుకోబోతే పీతలా పక్కకి తిరిగావు. ఆవిడ చేతులు గాలిలో ఉండిపోయాయి. "అల్లుడికి నామీద ఏం కోపంరా?" అని రెండు రోజులు నా ప్రాణం తీసింది. "కోపం కాదమ్మా, నడుముకి పిస్తోలు కట్టుకున్నాడు, నీ మోచెయ్యి తగిలితే పరువు పోతుందని" అని చెప్పాను. దాచుకున్న తుపాకీ అంటారు దాన్ని. ఏం దాచావయ్యా బాబూ. ఎండాకాలంలో గుడారమంత చొక్కా తొడుక్కుని, కుర్చీలోంచి లేచినప్పుడల్లా దాన్ని కిందికి లాక్కుంటూ, పావుగంటకోసారి నడుం తడుముకుంటూ. నీకు తుపాకీ ఉందని మా కుక్కకి కూడా తెలుసు.

మీ గైమన్ చర్చిలో నీకిచ్చిన ఉద్యోగం గురించి కూడా అక్క చెప్పింది. వెనక బెంచీలో కూర్చుని, అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే నువ్వు మాత్రం కళ్ళు తెరుచుకుని తలుపు వైపు చూడాలట. దేవుడి దగ్గరికెళ్ళి దేవుడితో మాట్లాడకుండా ఉండే ఉద్యోగం. వారమంతా గ్యాసు లారీ తోలి, ఆదివారం కూడా కాపలాయేనా? ఆ చర్చిలో దోచుకోవడానికి ఏముందని, పాస్టరు గారి విగ్గా?

ఇక అసలు సంగతి. నాన్న ఫిబ్రవరిలో పోయినప్పుడు, ఆయనకి సూటు తొడగబోయిన వాళ్ళు ఓవరాల్స్ ఛాతీ జేబులోంచి ఒక రివాల్వర్ తీసి తువ్వాల్లో చుట్టి అమ్మ చేతికిచ్చారు, గుర్తుందిగా. యాభై ఏళ్ళ పైన మోశాడట. ఈ ఊళ్ళో ఒక్కడికీ తెలీదు. ఆయన పక్కనే చేపలు పట్టిన నాకు తెలీదు. నవ్వడం రాని మనిషి, మాట ఖర్చుపెట్టని మనిషి, ఇంత పెద్ద సంగతి జేబులో పెట్టుకుని తిరిగాడు. నేను కన్నకొడుకుని కదా, అది నాకు రావాలి. నా కొట్లో గల్లాపెట్టె పైన అద్దాల పెట్టెలో పెడతాను, నాన్న ఫోటో పక్కన. కానీ అమ్మ, "నీకో, లైల్‌కో, అక్టోబరులో నా పుట్టినరోజు నాడు చెప్తాను. అప్పటిదాకా ఇద్దర్నీ చూస్తుంటాను" అంటోంది. అది ఎక్కడ దాచిందో కూడా చెప్పదు.

పోటీ అన్నమాట. నువ్వు గుడారపు చొక్కా, నేను కన్నకొడుకుని. ఎవరు గెలుస్తారో నీ వెనక బెంచీలో కూర్చుని ఆలోచించుకో.

ఇట్లు,
నీ నిద్ర చెడగొట్టడానికే పుట్టిన
హోబర్ట్

తా.క.: చిన్నప్పుడు భోజనం ముందు ప్రార్థనలో నేనెప్పుడు దొంగగా కళ్ళు తెరిచినా, నాన్న నా వైపే చూస్తూ ఉండేవాడు. ఒక్కసారి కూడా తప్పించుకోలేకపోయాను. బల్ల చుట్టూ అంతమంది ఉన్నా ఆయనకి నేనొక్కణ్ణే దొరికాను కాపలా కాయడానికి.

*

గైమన్,
జూన్ 20

హోబర్ట్‌కి,

నీ ఉత్తరం అందింది. మీ అక్క చదివి సగం చోట్ల నవ్వింది. ఆ చోట్లు ఏవో నీకు చెప్పను, నెత్తికెక్కుతాయి.

అత్తయ్య దగ్గర పక్కకి తిరిగిన మాట నిజం. అదొక్కటీ నా తప్పే. మిగతా ఉత్తరమంతా నోటిదూల.

ఆ రివాల్వర్ నాకు కావాలని నేను అడగలేదు. అత్తయ్యే నా పేరు కలిపింది. కానీ నువ్వు దాన్ని గల్లాపెట్టె పైన అద్దాల పెట్టెలో పెడతానన్నావు చూడు, ఆ ఒక్క మాటకి నీకు రాకూడదని ఇప్పుడు కోరుకుంటున్నాను. ఒక మనిషి జీవితమంతా ఎవరికీ కనపడకుండా మోసిన వస్తువుని, మిషను బ్లేడు సాన పెట్టించుకోడానికి వచ్చిన ప్రతివాడికీ చూపించాలని నీకెలా అనిపించిందో.

ఒక విషయం మాత్రం సరదాకి కాదు, తిన్నగా చెప్తున్నాను. పుట్టినరోజుకి మేం వచ్చినప్పుడు నీ వేషాలు నా దగ్గర వెయ్యకు. తలుపు వెనకనుంచి దూకడం, కారు కింద టపాకాయ పెట్టడం, కిటికీలో పుర్రె పెట్టడం, ఇవన్నీ ఇన్నేళ్ళు భరించాను. ఇప్పుడు వద్దు. నేనున్న చోట వెనకనుంచి దూకకు.

ఇక్కడ వానల్లేవు. గోధుమలు మోకాలి ఎత్తు కూడా లేవలేదు. మీ అక్కకి మోకాళ్ళ నొప్పులు.

లైల్

*

బెల్ క్రీక్,
జులై 7

బెదిరింపు ఉత్తరాల బావకి,

"నేనున్న చోట వెనకనుంచి దూకకు." ఈ వాక్యాన్ని మంగలి మర్ల్‌కి చదివి వినిపించాను. సగం గడ్డంతో కూర్చున్న ముగ్గురు పెద్దమనుషులు కూడా విన్నారు. నలుగురూ ఒకటే అన్నారు: "దూకితే కాలుస్తానంటున్నాడు మీ బావ." ముప్పై ఏళ్ళ చుట్టరికం, బావమరిది వేళాకోళం ఆడితే తూటా. మా అక్కని నీకిచ్చిన రోజున నీ బూట్లలో కప్పల్ని పెట్టింది నేనే. ఆ రోజు నీ దగ్గర పిస్తోలు ఉండుంటే నా సమాధి మీద ఇప్పటికి గడ్డి మొలిచేది. దాన్ని కొయ్యడానికి మిషను కూడా ఉండేది కాదు, మెకానిక్కే కింద ఉన్నాడు కాబట్టి.

నాకో సంగతి తెలిసింది. అక్క అమ్మకి చెప్పింది, అమ్మ నాకు చెప్పింది. మీ ఊరి పెట్రోలు బంకులో ఎవడో కుర్ర వెధవ నీ లారీ అడ్డమని అరిచి, నీ ఛాతీమీద వేలు పెట్టి పొడిచి, నీ బూట్ల మీద ఉమ్మాడటగా. నువ్వు "తప్పు నాదే సార్" అన్నావట. సార్. లారీలో అక్క కూర్చుని చూస్తోంది. ఆ రోజంతా నీతో మాట్లాడలేదట పాపం.

పెళ్ళైన కొత్తలో గుర్రాల రోడియో ఆటల దగ్గర ఒకడు అక్కని ఏదో అన్నాడని వాడి టోపీ వాడిచేతే తినిపించబోయిన లైల్ ఎక్కడికి పోయాడు? తుపాకీ లేని రోజుల్లో మగాడివి. తుపాకీ కట్టుకున్నాక సార్ సార్ అంటున్నావు. మరి ఎందుకయ్యా అది, నడుంనొప్పికి పట్టీయా?

అమ్మ బాగానే ఉంది. ఎందుకో ఈమధ్య చేతిసంచీని ముట్టుకోనివ్వడం లేదు. చిన్నప్పటినుంచీ ఆ సంచీలో పిప్పరమెంటు బిళ్ళలు దొంగిలించడం నా హక్కు. ఏడాదికోసారి అందులో రబ్బరు పాము పెట్టడం ఈ ఇంటి ఆచారం. మొన్న చెయ్యి పెట్టబోతే గరిటెతో వేళ్ళ మీద కొట్టింది. అన్నం దగ్గర కూడా ఒళ్ళోంచి దించదు. ముసలితనంలో పిసినారితనం వస్తుందంటారు, బిళ్ళల దగ్గరే మొదలైనట్టుంది.

ఇట్లు,
ఇంకా బతికే ఉన్న
హోబర్ట్

*

గైమన్,
జులై 28

హోబర్ట్,

మంగలి కొట్లో చదివించుకోడానికి పనికొచ్చే ఉత్తరం కాదిది. అయినా నువ్వు చదువుతావు. మర్ల్‌కి నా నమస్కారాలు.

బంకు సంగతి మీ అక్కకి చెప్పాను. ఇప్పుడు నీకు. వాడు నా ఛాతీమీద వేలు పెట్టి పొడిచినప్పుడు ఆ వేలికి జానెడు కింద నా పిస్తోలు ఉంది. వాడికి తెలీదు. నేనొక మాట అంటే వాడొక తోపు తోస్తాడు. నేనూ తోస్తాను. ఇద్దరం నేల మీద పడతాం. పడ్డాక ఆ పిస్తోలు నా ఒక్కడిదే కాదు, ఎవరి చెయ్యి ముందు తగిలితే వాళ్ళది. వాడికి పాతికేళ్ళు, నాకు అరవై. ఉమ్మిన బూటు తుడుచుకుంటే పోతుంది. అది కట్టుకుని గడప దాటిన రోజునే ప్రతి గొడవలోనూ ఓడిపోయినట్టు లెక్క, అలా ఓడిపోవడం ఇష్టంలేనివాడు ఇంట్లో పెట్టి రావాలి, అని తుపాకీ లైసెన్సు క్లాసులో మాకు నేర్పినాయన మొదటిరోజే చెప్పాడు. వినగానే సగంమంది నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు నవ్వడం లేదు.

టోపీ తినిపించబోయిన లైల్ ఎక్కడికి పోయాడని అడిగావు. ఇక్కడే ఉన్నాడు. వాడికి కోపం వస్తుంది, బీరు తాగాలనిపిస్తుంది, రోడ్డు మీద అడ్డొచ్చినవాణ్ణి తిట్టాలనిపిస్తుంది. ఏదీ చెయ్యడు. పిస్తోలు కట్టుకున్నప్పటినుంచీ, రెండేళ్ళుగా.

నేను నిన్ను బెదిరించలేదు. నువ్వు దూకితే నేను కాలుస్తానని రాయలేదు. నువ్వు దూకిన క్షణంలో నా చెయ్యి ఎటు వెళ్తుందో నాకు తెలీదని, అది తెలుసుకోవాల్సిన అవసరం రాకూడదని నా అర్థం. ఇది నీకు ఎక్కదు. నీకు ఎక్కదు కాబట్టే అత్తయ్యకి విడిగా ఒక ఉత్తరం రాశాను: మామయ్య రివాల్వర్ హోబర్ట్ చేతికి ఇవ్వొద్దు, నాకు ఇవ్వకపోయినా ఫరవాలేదు, నదిలో పారెయ్యండి అని. నీ వెనక చేసిన పని కాబట్టి నీ ముఖాన చెప్తున్నాను.

లైల్

*

బెల్ క్రీక్,
ఆగస్టు 11

లైల్ గారికి,

ఇకమీదట బావా అని పిలవడం మానేస్తున్నాను. ఈ ఉత్తరం వరకు.

మా నాన్న వస్తువుని నదిలో పారెయ్యమని మా అమ్మకి సలహా చెప్పడానికి నువ్వెవరివి? నాన్న అంత్యక్రియల్లో నాలుగో స్థానంలో శవపెట్టె మోసినవాడివి. నేను ముందు మోశాను. ఆయనతో నేను మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఒక పోస్టుకార్డు నిండదు. ఒకసారి ఆయన టోపీ కింద బతికున్న పిచ్చుకని పెడితే, టోపీ తీసి, పిచ్చుక ఎగిరిపోయేదాకా చూసి, మళ్ళీ టోపీ పెట్టుకుని పనికెళ్ళిపోయాడు. ఒక్క నవ్వు లేదు, ఒక్క తిట్టు లేదు. ఆ మనిషి జేబులో ఏముందో చచ్చాక తెలిసింది. ఎందుకు మోశాడో తెలీదు. ఆ ఇనుపముక్క ఒక్కటే మిగిలింది నాకు, అది కూడా నీ నీతిబోధల పాలు చేస్తావా?

అమ్మని అడిగాను, లైల్ ఏం రాశాడని. "అతనికి తెలిసినంత రాశాడు" అంది. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ. అంతే.

సరే, నీ భయం నాకర్థమైంది. ముసలాయనవి. పుట్టినరోజు నాడు ఏ వేషమూ వెయ్యను. ప్రార్థనప్పుడు నీ ఎదురుగా కూర్చుని రెండు చేతులూ బల్ల మీద పెడతాను, కళ్ళు తెరుచుకున్న నీకు కనపడేటట్టు. మాట.

హోబర్ట్ ప్రూయిట్

*

బెల్ క్రీక్,
అక్టోబరు 14

బావా, నా బంగారు బావా,

మాట తప్పాను. ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది, నువ్వక్కడే ఉన్నావు కాబట్టి. కాకపోతే నువ్వు నేల మీద బోర్లా పడి ఉన్నావు, అంచేత పూర్తిగా చూసి ఉండవు. నీకోసం మొదట్నుంచీ రాస్తున్నాను, మర్ల్ కొట్లో ఇప్పటికి చాలాసార్లు చెప్పాను, బాగా నలిగింది.

పెరట్లో పీకన్ చెట్టు కింద పొడుగు బల్ల. అమ్మ మధ్యలో, నువ్వు ఆవిడకి కుడివైపు, నడుం తడుముకుంటూ. మొక్కజొన్న రొట్టె, వేయించిన చేప, బెండకాయ వేపుడు, మా అక్క చేసిన మూడు రకాల తీపి పిండివంటలు. పాస్టరు గారు తల వంచి ప్రార్థన మొదలెట్టాడు. ఈయన ప్రార్థన మొదలెడితే చేపలు చల్లారాల్సిందే, అది నా లెక్క. అందరూ కళ్ళు మూసుకోగానే నేను కుర్చీలోంచి జారి, మాంసం ఎండబెట్టే పొగ గది వెనక్కి వెళ్ళి, అక్కడ దాచిన గోనెసంచి నెత్తిన తొడుక్కున్నాను. కళ్ళకి రెండు కన్నాలు. ఇనప తొట్టిలో టపాకాయల దండ. "ఆమెన్" అనడానికి ఒక్క మాట ముందు అంటించాను.

తొట్టిలో పేలితే అలా మోగుతుందని నాకూ తెలీదు. తుపాకులు కాల్చినట్టే ఉంది. నేను చేతులు పైకెత్తి సంచితో ఎగిరాను. ఇప్పుడు లైల్ పిస్తోలు తీస్తాడు, చొక్కా చిక్కుకుంటుంది, ఊరంతా చూస్తుంది, అమ్మ చూస్తుంది, ఇక రివాల్వర్ ఎవరికో చెప్పక్కర్లేదు అనుకున్నాను.

నువ్వేం చేశావు? బియ్యం బస్తాలా మా అమ్మ మీద పడ్డావు. ఎనభై ఏళ్ళ మనిషిని కుర్చీతో సహా కిందికి తోసి, పైన పడుకున్నావు. లేవమంటే లేవవు. రెండేళ్ళు కళ్ళు తెరుచుకుని కాపలా కాసింది ఇందుకా, ముసలావిడ చాటున దాక్కోడానికా? పాస్టరు గారు నయం, ఆయన బల్ల కింద ఒక్కడే దూరాడు. అక్కే నిన్ను లాగాల్సి వచ్చింది. అమ్మ లేచి, నన్ను చూసి, నిన్ను చూసి, సంచీ పట్టుకుని లోపలికెళ్ళి తలుపేసుకుంది. కేకు కొయ్యలేదు. రివాల్వర్ మాట ఎత్తలేదు. మీరు సాయంత్రం కాకుండానే బయల్దేరి వెళ్ళిపోయారు.

అమ్మ మణికట్టు చుట్టూ నీ వేళ్ళు పడిన చోట నల్లగా కమిలిపోయింది. నాకు ఇష్టమైన పచ్చిమాట ఒకటి ఉంది, రాయను, అక్క చదువుతుంది. ఊళ్ళో ఎవర్ని అడిగినా తీర్పు ఒకటే. ఓడిపోయానని నాలుగు ముక్కలు అమ్మకి రాసెయ్యి. గౌరవంగా ఉంటుంది.

విజయంతో,
హోబర్ట్

*

గైమన్,
అక్టోబరు 23

హోబర్ట్,

ఈ ఉత్తరం రాయనని అత్తయ్యకి మాటిచ్చాను. నువ్వు ఇచ్చిన మాట ఎంతసేపు నిలబడిందో చూశాక, నాది కూడా తప్పుతున్నాను. దీన్ని మర్ల్ కొట్లో చదవవు. చదవలేవు.

ప్రార్థన మొదలయ్యాక నేను అలవాటు కొద్దీ కళ్ళు మూసుకోలేదు. నువ్వు కుర్చీలోంచి జారడం చూశాను. వెధవ, మళ్ళీ మొదలెట్టాడు అనుకున్నాను. నువ్వని తెలుసు కాబట్టి నా చెయ్యి బల్ల మీదే ఉంది. గోనెసంచి కాదు, నువ్వు ఏనుగు తల పెట్టుకొచ్చినా నాకు భయం లేదు.

కానీ నేను తల తిప్పి చూసేసరికి, పక్కన అత్తయ్య కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి. ఆవిడ నిన్ను చూడలేదు, రోడ్డు వైపు చూస్తోంది. ఎడమచెయ్యి సంచీ కింద ఉంది. కుడిచెయ్యి సంచీలో ఉంది. బిళ్ళ కోసం పెట్టిన చెయ్యి అలా ఉండదు. నేను అలాంటి చేతుల్నే కనిపెట్టడం నేర్చుకున్న మనిషిని, ఏప్రిల్ నుంచి ఆ సంచీ పక్కనే మూడు భోజనాలు చేశాను, నాకు ఆ క్షణం దాకా తట్టలేదు. ఇందులో నేను నీకంటే గొప్పవాణ్ణేం కాదు.

నేను ఆ సంగతి అర్థం చేసుకుంటుండగానే నీ తొట్టి మోగింది. అత్తయ్య అటు తిరిగింది. సంచీ తిరిగింది. పొగ గది పక్కన మొహం లేని మనిషి ఒకడు చేతులెత్తి నిలబడి ఉన్నాడు.

నేను ఆవిణ్ణి కాపాడటానికి మీద పడలేదు హోబర్ట్. ఆవిడ చాటున దాక్కోనూ లేదు. సంచీ పైనుంచే మణికట్టు పట్టుకుని, ఆ సంచీ మూతి నేలకి తిప్పి, దాని మీద పడుకున్నాను. లేవమంటే లేవలేదన్నావు. ఆవిడ వేళ్ళు వదిలేదాకా లేవలేదు. వదిలాక, "వాడేనా?" అని నా చెవిలో అడిగింది. "వాడే అత్తయ్యా" అన్నాను. "ఎవరికీ చెప్పకు నాయనా" అంది.

ఆ మచ్చలు నీకోసం పడినవి. పోయేలోపు ఒకసారి సరిగ్గా చూడు.

రివాల్వర్ నాకు అక్కర్లేదు. అత్తయ్య సంచీలోంచి మాత్రం అది బయటికి రావాలి. దగ్గర ఉన్నవాడివి నువ్వు. ఏం చేస్తావో చెయ్యి.

లైల్

*

బెల్ క్రీక్,
నవంబరు 10

బావా,

ఇన్నిరోజులు రాయకపోతే చచ్చాననుకుని సంతోషించి ఉంటావు. లేదు.

నీ ఉత్తరం చదివి అమ్మ దగ్గరికెళ్ళాను. బెండకాయలు తరుగుతోంది, సంచీ ఒళ్ళో. "చెయ్యి చూపించమ్మా" అన్నాను. మచ్చలు పసుపురంగుకి తిరిగాయి. "లైల్ చెప్పేశాడన్నమాట" అంది. ఇంకో రెండు కాయలు తరిగాక అంది, "గోనెసంచి కింద నీ బూట్లు గుర్తుపట్టానురా. కానీ ముందు వేలు వెళ్ళింది, తర్వాత కళ్ళు వెళ్ళాయి."

నవ్వుదామని చూశాను. రాలేదు.

"నీకెందుకమ్మా అది?" అన్నాను.

"మీ నాన్నకెందుకో అది తెలుసా నీకు?" అంది.

అప్పుడు చెప్పింది. నేను పుట్టబోయే ముందు, నాన్న దూరంగా చమురు బావుల దగ్గర పనిలో ఉంటే, మొహానికి గుడ్డ కట్టుకున్నవాడొకడు వంటింటి తలుపు పగలగొట్టుకుని లోపలికొచ్చాడట. అమ్మ, ఊయల్లో అక్క. అమ్మ మరుగుతున్న నీళ్ళు విసిరింది. వాడు పారిపోయాడు. దొరకలేదు. మర్నాడు నాన్న వెళ్ళి రివాల్వర్ కొనుక్కొచ్చాడు.

"అంతకుముందు మీ నాన్న ఎలాంటివాడో తెలుసా? నీకంటే పెద్ద కోతి. పాస్టరు గారి కారులో మేకని కూర్చోబెట్టి, దాని నెత్తిన పాస్టరమ్మ టోపీ పెట్టాడు. నా పెళ్ళి కేకులో సబ్బుముక్క పెట్టాడు. అది జేబులో పడ్డాక ఒక్క వేషం వెయ్యలేదు. తాగలేదు, ఎవర్నీ తిట్టలేదు, ప్రార్థనకి కళ్ళు మూసుకోలేదు. ఆ గుడ్డ మొహంవాడు మళ్ళీ రాలేదు. మీ నాన్న నవ్వూ మళ్ళీ రాలేదు. ఆయన పోయాక ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి కదా అని నేను తీసుకున్నాను."

భోజనం దగ్గర నాన్న నన్నే కాపలా కాస్తున్నాడనుకున్నాను బావా. నేను తలుపుకి వీపు పెట్టి కూర్చునేవాణ్ణి. ఆయన చూసింది నా వెనకున్న తలుపుని.

అమ్మ సంచీ తెరిచి, రివాల్వర్ని తువ్వాల్లో చుట్టి, బెండకాయల పక్కన పెట్టింది. "కావాలన్నావుగా. అద్దాల పెట్టెలో కాదు, ఛాతీ జేబులో. మీ నాన్న మోసినట్టు ఒక వారం మోసి చూడు. తర్వాత కావాలో వద్దో నువ్వే చెప్పు" అంది.

మోశాను. నాన్న ఓవరాల్సే తొడుక్కున్నాను, నాకు పొట్ట దగ్గర బిగుతు. మొదటిరోజే ఒకడు మిషను సరిగా చెయ్యలేదని నా కొట్లో నించుని నన్నూ నా వంశాన్నీ తిట్టాడు. నా దగ్గర వాడికి సరిపడా మాటలు నాలుగు తరాలకి ఉన్నాయి. "తప్పు నాదేనండీ" అన్నాను. నీ బూట్లు గుర్తొచ్చాయి. ఊరి చేపల విందులో నా గ్లాసులో బీరు బదులు నిమ్మరసం చూసి జనం నాకు జబ్బు చేసిందనుకున్నారు. మర్ల్ కుర్చీలో ఒకడు నోరు తెరిచి నిద్రపోతున్నాడు, పక్కనే సబ్బు నురగ, బ్రష్షు. దేవుడు స్వయంగా వడ్డించిన విస్తరి. చెయ్యి లేవలేదు. వాడు ఉలిక్కిపడి నా ఛాతీమీద పడితే ఏమవుతుందో అనుకుంటూ నించున్నాను. మర్ల్ నా వైపు చూసి, "హోబర్ట్, ఇంట్లో ఎవరన్నా పోయారా?" అన్నాడు.

వారమంతా నేను మనిషిని కాదు బావా, మా నాన్నని.

ఆదివారం చర్చికెళ్ళాం. పాస్టరు గారు ప్రార్థన మొదలెట్టాడు. అందరి తలలూ వంగాయి. నాకు కళ్ళు మూతపడలేదు. తలుపు చూశాను, కిటికీలు చూశాను, ఎవడి చెయ్యి ఎక్కడుందో చూశాను. దొంగగా కళ్ళు తెరవడం చిన్నప్పుడు ఎంత సరదాగా ఉండేదో. అదే పని ఇప్పుడు డ్యూటీ అయ్యేసరికి నోరంతా చేదు. తర్వాత పక్కకి చూశాను. అమ్మ సంచీ కింద నేల మీద ఉంది, జిప్పు తెరిచి. అమ్మ రెండు చేతులూ ఒళ్ళో. కళ్ళు గట్టిగా, చిన్నపిల్లలా మూసుకుని ఉంది. కళ్ళు మూసుకున్న అమ్మని దగ్గరగా చూడటం అదే మొదలు. ఆమెన్ అన్నాక కూడా కాసేపు తెరవలేదు.

ఇంటికొచ్చి చెప్పాను, నాకొద్దు అని.

నీకు దణ్ణం పెడుతున్నానని అనుకోకు. నువ్వు ఇప్పటికీ గుడారపు చొక్కావే. వేళాకోళం తెలీని మొద్దువే. అందుకే ఇది నీకే సరిపోతుంది. ఈ ఇంట్లో ఒకడు నవ్వకుండా ఉండాలంటే, ఎలాగూ నవ్వడం రానివాడు ఉండటం నయం కదా. నువ్వు నదిలో పారేస్తావో మోస్తావో నీ ఇష్టం. అమ్మ కూడా అదే అంది. కృతజ్ఞతల పండక్కి వచ్చి పట్టుకుపో. అప్పటిదాకా దీన్ని మిషన్ల ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాను, తూటాలు విడిగా ఇంట్లో ఉన్నాయి. ఆ రోజు భోజనం దగ్గర నువ్వు కళ్ళు తెరుచుకో. నేను మూసుకుంటాను. వెనకనుంచి దూకను. ఈసారి మాట కాదు, దూకాలని లేదు.

అమ్మ కౌగిలించుకుంటానంటోంది. ఎదురుగా, పీతలా కాకుండా. ఆ కాసేపు నీ బెల్టు తీసి కారులో తాళం వేసుకుని రా.

ఇట్లు,
నీ బావమరిది
హోబర్ట్

తా.క.: అమ్మ సంచీ ఇప్పుడు తేలికగా ఉంది. నిన్న అందులో రబ్బరు పాము పెట్టాను. గరిటె విరిగింది.